పాత మోటారు బండ్ల జీర్ణోద్ధరణము



ఒక గ్రామమున పురాతన దేవాలయ మొకటి శిథిలమైన దనుకొందము. ప్రాకారము కూలినది. గోపురముమీద రావిమొక్క మొలచి రాళ్ళను విడదీయుచున్నది. గ్రామస్థులు చందాలు వేసికొని దానిని బాగుచేయ బూనుకొనిరి. పాతరాయి యొక్కటియు కదల్పరాదని యొక పక్షము. పాతరాయి యిక నిలువదు, కొత్తది చెక్కించి పెట్టుదమని మరియొక పక్షము. అన్నియు కొత్తరాళ్ళే యైనచో ఇది తాతలనాటి గుడి యెట్లగునని మూడవవాని ప్రశ్న. ఇట్టి తగవులు మీలో పలువురు విన్నవే. కొందరు కూర్చుండి తీర్చినవే.

సరిగా ఇట్టి తగవే ఇంగ్లండు దేశమున ఒక పాత మోటారుకారు విషయమున పుట్టి, 1990 సంవత్సరమున లండనులోని ఉన్నత న్యాయస్థానము మెట్లెక్కినది. బేరము సుమారు కోటి పౌనులు. కొన్నవారు ఇది ఆ బండి కాదనిరి. అమ్మినవాడు ఆ బండియే యనెను. ఆ వివాద మెట్లు ముగిసెనో చివర మనవి చేసెదను. అంతకు ముందు ఈ బండ్లెట్టివో, వీనిని జనులెందుకు కొందురో, కొన్న పిమ్మట ఎట్లు బాగుచేయుదురో కొంత తెలిసికొనుట యవసరము.

ఇంగ్లండువారు స్పోర్ట్స్ కారు అనునది సంసారపక్షపు బండి కాదు. అందు ఇద్దరే కూర్చుందురు. పైకప్పు గుడ్డతో చేసినది. కావలసినపుడు మడిచి వెనుకకు పెట్టుకొనవచ్చును. బండి తేలిక, నేలకు దగ్గర. వాన వచ్చిన తడియుట, చలి వచ్చిన వణకుట తప్పదు. మూటాముల్లెలకు చోటుండదు. అయినను పగ్గము పట్టినవాని చేతికి గుఱ్ఱము చెప్పినట్లు వినిన యెడల ఎట్టి యానందము కలుగునో, ఈ బండి తోలువానికి అట్టి యానందము కలుగును. ఆ యొక్క గుణముకొరకే జనులు తక్కిన కష్టములన్నియు సహించిరి.

ఇట్టి బండ్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఎం. జి. అను పేరు గలది. ఎం. జి. యనగా మోరిస్ గరాజెస్. విలియమ్ మోరిస్ 1877లో జన్మించినవాడు. ఆక్స్‌ఫర్డు పట్టణమున యౌవనారంభమందే సైకిళ్ళు బాగుచేయు చిన్న దుకాణము పెట్టి, 1913లో మొదటి కారును తయారుచేసి, క్రమముగా ఇంగ్లండునందలి మోటారు పరిశ్రమకు పెద్దదిక్కయ్యెను. తరువాత నఫీల్డు ప్రభువని పిలువబడినవాడితడే. ఆక్స్‌ఫర్డులో ఇతనికి బండ్లను అమ్మి బాగుచేయు దుకాణములు మోరిస్ గరాజెస్ అను పేరుతో నుండెడివి. 1922లో ఆ దుకాణములకు పెత్తనదారుగా వచ్చిన సిసిల్ కింబర్ అను నతడు, సామాన్యమైన మోరిస్ బండి చట్రము తీసికొని, దానిపై చూడచక్కని తేలికదేహమును గట్టించి అమ్మసాగెను. కొనువారు పెరిగిరి. ఎనిమిది మూలల ముద్రలో ఎం. జి. అను రెండక్షరములు దానికి గుర్తయ్యెను. 1929లో కార్ఖానా ఆబింగ్‌డన్ అను చిన్న పట్టణమునకు, ఒక తోళ్ళ కార్ఖానాకు చెందిన భవనములకు మారినది. యాబది యేండ్లకు పైగా ఆ యూరే దాని జన్మస్థానము.

ఎం. జి. గొప్పవారి బండి కాదు. దాని యింజను, గేర్లు, ఇరుసులు సామాన్యులు కొను మోరిస్ బండ్లనుండి వచ్చినవే. చవుకగా నున్న సామగ్రినుండి సంతోషకరమైన బండిని గట్టుట కింబరు నేర్పు. అతని కడపటి దినములు మాత్రము సుఖముగా గడువలేదు. 1941లో పై యధికారులతో పొత్తు కుదరక కొలువు పోయినది. 1945 ఫిబ్రవరి 4వ తేదీన లండనునందలి కింగ్స్ క్రాస్ రైలు స్టేషను దగ్గర జరిగిన ప్రమాదమున ప్రాణము పోయినది. అదే సంవత్సరము యుద్ధము ముగిసిన తరువాత ఆబింగ్‌డన్ నుండి టి. సి. యను బండి బయలువెడలెను. అప్పుడింగ్లండు అప్పులపాలై యున్నది. విదేశములకు సరకు పంపువారికే ఉక్కు మొదట దొరకెడిది. అందుచేత టి. సి. బండ్లు ఓడలెక్కెను. 1949 వరకు సుమారు 10,000 బండ్లు తయారయ్యెను. అమెరికాలో బండ్లు బాటకు కుడివైపున నడచును, టి. సి.కి చుక్కాని కుడిప్రక్కనే యుండుటచేత అచ్చట తోలుట ఇబ్బంది. అయినను అమెరికనులు దానిని ఆదరించిరి.

ఇంతవరకు ఇది పరాయిదేశపు కథ వలె తోచును. కాని యొక మాట. 2014 వరకు బెంగాలునందలి ఉత్తరపారా కార్ఖానాలో తయారై, మన కలెక్టరులకును మంత్రులకును పెండ్లివారికిని చిరకాలము సేవచేసిన అంబాసిడరు కారు, మోరిస్ ఆక్స్‌ఫర్డు అను ఇంగ్లీషు బండికి ప్రతిరూపమే. దానిలో ననేక సంవత్సరములు పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనును, 1955లో ఆబింగ్‌డన్‌లో పుట్టిన ఎం. జి. ఏ. యను బండి యింజనును ఒకే వంశమునకు చెందినవి. మదరాసు దగ్గర 1961 నుండి తయారైన స్టాండర్డు హెరాల్డు కారు మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. ఆ హెరాల్డు చట్రమునే కుదించి మార్చి ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫయర్ అను స్పోర్ట్స్ కారును గట్టిరి. కావున మన పట్టణములందు అంబాసిడరు ఇంజను విప్పి కూర్చిన మేస్త్రీకి ఎం. జి. ఇంజను చూపినయెడల బంధువును పోల్చినట్లు పోల్చుకొనును.

1962లో ఎం. జి. బి. యను బండి వచ్చినది. ఎం. జి. బండ్లలో ఇది పేరుమోసినది. 1980 వరకు అయిదు లక్షలకు పైగా తయారయ్యెను. ఈ లోపల ఇంగ్లండు మోటారు కంపెనీలు ఒకదానిలో నొకటి కలిసి, 1968లో బ్రిటిష్ లేలాండ్ అను మహాసంస్థ యేర్పడినది. నష్టములు పెరిగినవి. 1979లో ఆబింగ్‌డన్ కార్ఖానా మూసివేయుదు మని ప్రకటించిరి. 1980 అక్టోబరులో కడపటి బండి వెలువడినది. ఊరు చిన్నబోయినది. కార్ఖానాలేని బండికి విడిభాగములెచ్చట? పది పదునైదేండ్లలో తుప్పుపట్టి అన్నియు పాత ఇనుపకొట్లకు చేరవలసినదే యని లోకము తలంచుట సహజము. అట్లు జరుగలేదు. ఏల జరుగలేదో చెప్పుటకే ఈ ప్రసంగము.

మొదట కొనుట యెట్లో చూతము. పాత బండిని కొనువాడు సామాన్యముగా చేయు తప్పు, రంగు చూచి మోసపోవుట. ఎద్దు నెన్నువాడు కొమ్ములకు పూసిన రంగు చూడడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, నడిపించి చూచును. ఇచ్చటను అంతే. ఇంజను చెడిన బాగుచేయుట సులభము. వ్యయము ముందుగా లెక్క కట్టవచ్చును. దేహము తుప్పుపట్టినయెడల ఆ వ్యయమునకు అంతు తెలియదు.

దీనికి కారణము కలదు. టి. సి. వంటి పాత బండ్లకు క్రింద వేరుగా ఇనుప చట్రముండును. దేహము దానిపై బిగించిన పెట్టె వంటిది. ఎం. జి. బి.కి అట్టి చట్రము లేదు. రేకులన్నియు ఒకదానితో నొకటి అతికి దేహమే చట్రముగా నున్నది. తలుపుల క్రింద ముందునుండి వెనుకకు పెట్టెవలె సాగిన రేకు దూలములే దానికి వెన్నెముక. పైకప్పు లేని బండి కనుక బరువంతయు వానిపైననే. ఆ దూలముల లోపల నీరు నిలిచి, వెలుపలికి కనబడకుండ తుప్పు తినును. అమ్మువాడు రంధ్రములను లప్పముతో పూడ్చి పైన మెరుగురంగు వేయును. అందుచే తెలివిగలవాడు జేబులో సూదంటురాయి నొకదానిని పెట్టుకొని పోవును. ఇనుపరేకైన అతుకుకొనును, లప్పమైన జారిపోవును. ఆ పిమ్మట జాకీతో బండిని ఒక ప్రక్క పైకెత్తించి తలుపు తీసి మూయవలెను. వెన్నెముక గట్టిగానున్న తలుపు ఎప్పటివలె పడును. సందు మారి తలుపు పట్టుకొన్నయెడల ఆ బండి లోపల పుచ్చినదని తెలియవలెను.

తరువాత చక్రములు. ఆకుల చక్రములు గల బండ్లలో ఇరుసు కొననున్న పండ్లు అరిగిపోయి యుండవచ్చును. బండిని ముందుకును వెనుకకును కదల్చినపుడు టక్కుమను చప్పుడు వినబడిన అది గుర్తు. ఆ చక్రమును మధ్యనున్న యొక పెద్ద నట్టు పట్టియుంచును. కుడిప్రక్క మర యొక దిక్కునకు, ఎడమప్రక్క మర వేరొక దిక్కునకు తిరుగును. ఎవడైన తెలియక ఇరుసు భాగములను తారుమారుగా కూర్చినయెడల, నడుచుచుండగనే నట్టు వదులై చక్రము ఊడివచ్చును. కావున బండి కొనుటకు ముందు ఇదివరకు దానిమీద చేయివేసిన వారెట్టివారో విచారించుట మేలు.

కడపట కాగితములు. చట్రము మీద కొట్టిన సంఖ్య, ఇంజను సంఖ్య, రిజిస్టరు పుస్తకములోని సంఖ్య మూడును చూడవలెను. ఇంజను మారి యున్న నది పెద్ద దోషము కాదు. పాత బండికి ఇంజను మార్చుట కలదు. కాని మారిన సంగతి మరుగుపరచిన నది దోషము. ఏ యేట ఎవరు కొనిరో, ఏది బాగుచేయించిరో తెలుపు రసీదులు కట్టగట్టి యుంచిన యజమానివద్ద కొనుట మేలు. ఆ కాగితముల కట్ట, బండికి మెరుగురంగుకంటె విలువైనది.

ఇక బాగుచేయుట. మొదటి సూత్రము, విప్పుటకు ముందు చూచుట. ఏ భాగము ఏ వరుసలో నున్నదో ఫొటోలు తీసి, బోల్టులను వేరువేరు డబ్బాలలో పోసి, చీటీలు కట్టవలెను. విప్పుట ఒక వారము. కూర్చుట రెండు మూడేండ్లు. ఉత్సాహముతో విప్పి, కూర్చలేక, డబ్బాలతో సహా అమ్మివేసినవారు ఆ దేశమున లెక్కకు మిక్కిలి. రెండవ సూత్రము, కోయుటకు ముందు నిలుపుట. పైన చెప్పిన రేకు దూలములను రెండు ప్రక్కలను ఒకేసారి కోసినయెడల దేహము నడుమ క్రుంగి వంగిపోవును. కావున తలుపు గూటిలో ఇనుపపట్టెను అడ్డముగా వెల్డింగు చేసి, కొలతలు తీసి, ఒక ప్రక్క ముగిసిన పిమ్మటనే రెండవ ప్రక్క ముట్టుకొందురు. శిథిలమైన గోడను పోటీలు పెట్టి నిలిపి పునాది మార్చు తాపీవానికి ఇది కొత్త సంగతి కాదు.

టి. సి. బండి దేహపు పని చూచిన మన వడ్రంగులు సంతోషింతురు. దాని రేకుల లోపల ఆష్ అను కొయ్యతో చేసిన పంజరము కలదు. ఆ కొయ్య గట్టిదే కాని పెళుసు కాదు. కుదుపునకు వంగి మరల నిలుచును. నీరు నిలిచినచోట అది పుచ్చును. పుచ్చిన ముక్కనే కొలతగా తీసికొని కొత్తముక్క చెక్కి, అతుకు కుదిర్చి, దానిపై రేకు మడిచి మేకులు కొట్టవలెను. ఇందు యంత్రముతో పనిలేదు; ఉలి, బాడిసె పట్టిన చేయి కావలెను.

ఆ బండి ఇంజనులో నొక వింత కలదు. దాని బోల్టుల మరలు ఫ్రెంచివారి మీటరు లెక్కలోనివి; తలలు మాత్రము ఇంగ్లీషువారి విట్‌వర్తు పానాలకు సరిపడునవి. ఇందుకు చరిత్ర యున్నది. మొదటి ప్రపంచయుద్ధమున జర్మనులు తమ కార్ఖానాను పట్టుకొందురేమో యను భయముచేత హాట్చ్‌కిస్ అను ఫ్రెంచి తుపాకుల కంపెనీ ఇంగ్లండులోని కావెంట్రీలో నొక కార్ఖానా పెట్టెను. యుద్ధము ముగియగానే తుపాకులకు బేరము పోయినది. ఆ యంత్రములతోనే మోరిస్‌కు ఇంజనులు చేసి యిచ్చుచుండగా, 1923లో మోరిస్ ఆ కార్ఖానాను కొనివేసెను. ఫ్రెంచి యంత్రములు ఫ్రెంచి మరలనే కోయును; ఇంగ్లీషు మేస్త్రీ చేతిలో ఇంగ్లీషు పానా యున్నది. అందుచేత తల యొక దేశముది, మొండెము వేరొక దేశముది అయ్యెను. ముప్పది యేండ్ల తరువాత కూడ ఎం. జి. ఇంజనులలో ఆ మర మారలేదు. నేడు బాగుచేయువాడు ఆ సంగతి తెలియక బజారునందలి ఇంగ్లీషు మర బోల్టును బలవంతముగా త్రిప్పినయెడల ఇంజను దిమ్మలోని మర చెడిపోవును. ఒక బోల్టు పాడగుటకు కారణము చరిత్ర తెలియకపోవుట యని చెప్పిన నవ్వవచ్చును గాని, అది నిజము.

ఇట్టివి మరి రెండు కలవు. ఆనాటి బండ్లలో బాటరీ యొక్క ధనధ్రువమును చట్రమునకు కలిపెడివారు. నేటి బండ్లలో ఋణధ్రువమును కలుపుదురు. ఎం. జి. బి.లో ఈ మార్పు 1967లో వచ్చినది. తెలియక కొత్త రేడియో నొకదానిని పాత బండికి తగిలించిన అది కాలిపోవును. పెట్రోలు సంగతియు నట్టిదే. పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. ఆ సీసము ఇంజను వాల్వులు కూర్చుండు పీటలను అరుగకుండ కాపాడెడిది. సీసము గాలిలో కలిసి జనుల యారోగ్యమునకు, ముఖ్యముగా పిల్లల మెదడునకు, హానిచేయుననుటచే ఇంగ్లండులో 2000 జనవరి 1 నుండి దాని విక్రయము సామాన్యముగా నిలిపివేసిరి. ఇది మంచిపనియే. పాత బండ్లవారు ఇంజను తల విప్పి, వాల్వులు కూర్చుండుచోట గట్టి ఉక్కు వలయములను బిగించుకొనిరి. బండి బ్రతుకవలెనన్న కాలముతోపాటు కొంత మారవలెను. ఎంత మారవలెననునదే తగవు.

ఇపుడు కార్ఖానా మూతపడిన తరువాతి కథకు వత్తము. ఎం. జి. యజమానుల సంఘము 1930లోనే పుట్టినది. దాని తొలి కార్యదర్శి జాన్ థార్న్‌లీ, తరువాత ఆబింగ్‌డన్ కార్ఖానాకే పెద్దయ్యెను. వాడువారును చేయువారును అంత దగ్గరివారు. కార్ఖానా పోయినను వాడువారు చెదరలేదు. పత్రికలు నడిపిరి, తెలిసినవాడు తెలియనివానికి నేర్పెను, అరుదైన భాగములను కొందరు చేరి చిన్న చిన్న పనిశాలలలో పోతపోయించిరి. వాడుక కలదు గనుక బేరము కలదు. బేరము కలదు గనుక భాగములు పుట్టినవి.

1975లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ యేర్పడినది. ఆ సంస్థవారు ఎం. జి. బి. రేకులను నొక్కుటకు పూర్వము వాడిన అసలు అచ్చులను వెదకి సంపాదించిరి. 1988లో ఫారింగ్‌డన్ అను ఊరిలో ఆ యచ్చులతోనే ఎం. జి. బి. దేహము నంతటిని మరల కొత్తగా తయారుచేయ మొదలిడిరి. కార్ఖానా మూసిన ఎనిమిదేండ్లకు బండికి పునర్జన్మము! తుప్పుతిన్న దేహమును పారవేసి, పాత ఇంజను, ఇరుసులు, చక్రములు, అద్దములు కొత్త దేహమున బిగించుకొనవచ్చును. మరియొక విశేషము: 1992లో రోవర్ కంపెనీవారు ఆ దేహమునే కొంత మార్చి, పెద్ద ఇంజను పెట్టి, ఎం. జి. ఆర్. వి. 8 అను బండిని లోకమునకు చూపిరి. వానిలో పెక్కు జపాను దేశమునకు పోయినవి. జీర్ణోద్ధరణమునకై చేసిన దేహము కొత్త బండికే తల్లియైనది.

అయితే దేహ మంతయు మారినది. చట్రము వేరుగా లేదు. ఇది పాత బండియేనా? ఇంగ్లండునందలి బండ్ల రిజిస్టరు అధికారులు, మారిన బండి తన పాతసంఖ్యను నిలుపుకొనుటకు చాల యేండ్లు ఒక లెక్కను పాటించిరి. చట్రమునకో చట్రముగా నున్న దేహమునకో 5 గుణములు, ఇరుసులకు 2, గేర్లకు 2, చుక్కానికి 2, ఇంజనునకు 1. మొత్తము 8 గుణములు వచ్చిన పాతసంఖ్య నిలుచును. బండికి ప్రాణ మింజనే యని మనమనుకొందుము. ఆ లెక్కలో దానికి వచ్చినది ఒక్క గుణము. వెన్నెముకకు అయిదు. కాని గుణములు కూడుటచేత నెల్ల తగవులును తీరవు. అందుకే మొదట చెప్పిన వ్యాజ్యము జ్ఞాపకము చేసికొందము.

ఆ బండి బెంట్లీ. ఎం. జి. వలె చవుకది కాదు; బరువైనది, బలమైనది, ఖరీదైనది. ఫ్రాన్సుదేశమునందలి లెమాన్ పట్టణమున రాత్రింబవలు 24 గంటలు ఎడతెగక జరుగు పందెము కలదు. 1929లోను 1930లోను ఒకే బెంట్లీ బండి ఆ పందెమును గెలిచినది. రెండుసార్లును తోలినవారిలో ఊల్ఫ్ బార్నాటో ఒకడు. ఆ కంపెనీకి పెట్టుబడి పెట్టినవాడును అతడే. ఆ బండిని పాత ఒకటవ నంబరని ముద్దుగా పిలిచిరి. 1931లో కంపెనీ దివాలా తీసి రోల్స్ రాయిస్ వారి చేతిలో పడినది. బండి మాత్రము బార్నాటో వద్ద నిలిచినది. పందెముల కనుకూలముగా దాని భాగము లెప్పటికప్పుడు మారుచు వచ్చినవి. 1932లో అంతకంటె పెద్దదగు 8 లీటర్ల ఇంజను పెట్టి బ్రూక్‌లాండ్స్ పందెమునకు దింపిరి. ఆ పందెమున క్లైవ్ డన్‌ఫీ అను యువకుడు తోలుచుండగా బండి గట్టు దాటి ఎగిరిపోయి అతడు మరణించెను. బండిని మరల గట్టి, ఈసారి మూసిన కప్పు గల దేహము పెట్టిరి. అట్లది చేతులు మారుచు, కడపట మరల పందెపు బండి రూపము దాల్చి, 1990లో అమ్మకమునకు వచ్చినది.

కొన్న సంస్థవారు వెనుకకు తిరిగిరి. పందెము గెలిచిననాటి భాగములు దీనిలో దాదాపు లేవు. చట్రము అది కాదు, ఇంజను అది కాదు, దేహము అది కాదు. పేరుకు మాత్రము పాత ఒకటవ నంబరు. కావున బేరము చెల్లదనిరి. అమ్మినవాని పక్షము వేరు. బండి యేనాడును మాయము కాలేదు. చేతులు మారిన ప్రతిసారియు, భాగము మారిన ప్రతిసారియు దానిని ఆ పేరనే అందరును ఎరుగుదురు. నడుమ తెగిన దినమొక్కటియు లేదని వాదించిరి.

న్యాయమూర్తి ఆటన్ సాక్ష్యములన్నియు విని తీర్పు చెప్పెను. 1929లో పుట్టిన రూపముననే యున్న అసలు బండి యని దీనిని పిలువరాదు. అట్లని నశించిన దానిని తిరిగి పుట్టించినదియు కాదు, ఏలయన ఇది యెన్నడును నశింపలేదు. కొత్త భాగములు క్రమక్రమముగా వచ్చి పాతదానిలో కలిసిపోయినవి. అందుచే బండి తన గుర్తింపును ఏ దశలోను కోల్పోలేదు. కావున ఇది నిజమైన పాత ఒకటవ నంబరే. కొన్నవారు సొమ్ము చెల్లింపవలసినదే యని ఆయన తీర్పు సారాంశము.

పెద్దలారా, ఈ తీర్పులో మనము గమనింపదగినది యున్నది. బండి గుర్తింపు ఇనుములో లేదు. అవిచ్ఛిన్నమైన సంరక్షణలో నున్నది. ఒకరి తరువాత నొకరు దానిని చూచుకొనుచు, విరిగినది మార్చుచు, మార్చినది మరువకుండుటయే దానిని బ్రతికించినది. దీనికి వ్యతిరేకముగా, తుప్పుపట్టి పోయిన బండి యొక్క సంఖ్య పలకను మాత్రము కొని, కొత్తగా చేసిన బండికి తగిలించి పాతదని అమ్మువారును ఆ దేశమున కలరు. వారి బండిలో నొకవేళ పనితనము మెండుగా నుండవచ్చును. దానికి లేనిది ఆ నడిమి సంవత్సరముల చరిత్ర. అది కార్ఖానాలో దొరకునది కాదు, సొమ్మిచ్చి చేయించునది కాదు.

క్లైవ్ డన్‌ఫీ మరణించిన బండి యనుటకును, అటువంటి బండి యనుటకును భేదము కలదు. మొదటిదాని నెదుట మనము తల వంచుదుము. రెండవదానిని చూచి బాగున్నదని పోవుదుము. కోటి పౌనుల వివాదము ఆ భేదమునకు కట్టిన వెల.

బాగుచేయువాని ధర్మము నేననుకొను రీతిగా రెండు మాటలలో చెప్పవచ్చును. మార్చక తప్పని దానినే మార్చవలెను. మార్చినదానిని వ్రాసి యుంచవలెను. మంచి మేస్త్రీ తీసివేసిన పాతముక్కను పారవేయక మూటకట్టి యజమానికిచ్చును. ఏ తేదీన ఏది మార్చెనో చీటీలో వ్రాయును. అతని తరువాత వచ్చు మేస్త్రీ ఆ చీటీ చదివి తన చేయి యెచ్చట పెట్టవలెనో తెలిసికొనును. ఆబింగ్‌డన్ కార్ఖానా తలుపులు మూసి నలుబదియైదేండ్లు దాటినది. అచ్చట పనిచేసినవారిలో పెక్కుమంది గతించిరి. వారి చేతిపని మాత్రము ఎండ కాసిన ఆదివారములందు ఇంగ్లండు పల్లె బాటలలో నేటికిని తిరుగుచున్నది. దానికి కారణము ఇట్టి చీటీలు, ఇట్టి చేతులు.

మీ గ్రామమున గుడియో, చావడియో, తాతనాటి మంచినీళ్ళ బావియో బాగుచేయు తరుణము వచ్చినపుడు ఈ పరాయిదేశపు బండి కథ తలంపునకు వచ్చిన సంతోషింతును. పాతరాయి నిలుచునా లేదా యనునది శిల్పి చెప్పును. కాని తీసివేసిన రాయి యెచ్చటిదో, పెట్టిన రాయి యెవరిచ్చినదో, ఏ సంవత్సరమున జరిగినదో ఒక మూల చెక్కించి యుంచుట మాత్రము మీ చేతిలోని పని. మనుమలు వచ్చి ఇది ఆ గుడియేనా యని యడిగిననాడు ఆ రాత వారికి బదులు చెప్పును.

సెలవు.